నకలుకు నకలు

తెర మీద ఒకటి ఉండాల్సిన చోట తొమ్మిది ఉంది.

డాక్టర్ సునంద యంత్రం ఆపింది. గొట్టాలు మార్చి, ఫ్రిజ్‌లోంచి అదే రక్తం మరో చుక్క తీసి మళ్లీ పరీక్ష పెట్టింది. యంత్రం తన పని తాను చేసుకుపోతుంటే కిటికీ దగ్గర నిలబడి లేపాక్షి రోడ్డు మీద పోయే లారీలను చూసింది. చూసిందన్న మాటేగాని ఒక్కటీ కళ్లకు ఆనలేదు.

వెనక యంత్రం టింగుమంది.

తొమ్మిది.

ఆ రక్తం ఎవరో రోగిది కాదు. ఆమె సొంత చెల్లెలు ప్రసూనది. ఆరు నెలల కిందట ఇదే పరీక్షలో ఒకటి వచ్చింది. అంతకుముందూ ఒకటే. ఇప్పుడు ప్రసూనకు ఏడో నెల.

బల్ల మీద ఫోన్ మోగింది.

“అక్కా, యాడున్నావు? గాజులామె వచ్చి కూచోనుంది. ‘మీ అక్క వస్తేనే మొదలుపెట్టేది’ అని మా అత్త పట్టుబట్టింది. నాకేమో ఆకలైతాంది!”

“వస్తాండా. బయల్దేరినా,” అంది సునంద.

ఇంకా తెల్లకోటు కూడా విప్పలేదు.

*

హిందూపురంలో ప్రసూన భర్త మంజునాథ్ వాళ్ల వీధి మొదట్లోనే ఉడికిన పట్టుగూళ్ల వాసన తగులుతుంది. ఇంటి వెనకే వాళ్ల దారం తీసే షెడ్డు. ఇవాళ యంత్రాలన్నీ ఆపేశారు. ముందు పందిట్లో ప్రసూన కుర్చీలో కూర్చుంది. రెండు చేతులా పచ్చగాజులు, బుగ్గలకు గంధం, ఒళ్లో వక్కాకులు.

ఆ బుగ్గల్లో ఎరుపు మీదే సునంద చూపు ఆగింది.

చిన్నప్పుడు ఆ పిల్ల ముఖం సున్నం కొట్టిన గోడలా ఉండేది. థలసీమియా. మూడు వారాలకోసారి ఎవరిదో రక్తం ఎక్కిస్తే తప్ప బడి మెట్లు ఎక్కలేకపోయేది. చెల్లెలి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చదువుకున్న అక్క, చివరికి ఆ జబ్బుకే మందు తయారుచేసింది. తంతు ల్యాబ్‌లో పుట్టిన ఆ సూది మందు మొట్టమొదట వేయించుకున్నది ప్రసూనే. ఆ తర్వాత ఒక్కసారి కూడా రక్తం ఎక్కించాల్సిన పని పడలేదు. పెళ్లయింది. ఇప్పుడు శ్రీమంతం.

“రామ్మా డాక్టరమ్మా, రా!” అంది అత్తగారు నాగరత్నమ్మ. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండే మనిషి. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. “నా కోడలి ఒంట్లో పట్టుపురుగుది ఏందో పెట్టినారంట కదా. నిన్న రెండు పూటలకీ సరిపడా చిత్రాన్నం ఒక్కతే లాగించింది. పురుగే నయం, ఆకు వేస్తే ఊరుకుంటుంది!”

పందిరంతా నవ్వింది. ప్రసూన అందరికంటే గట్టిగా నవ్వింది. సునంద చెల్లెలి చేతికి రెండు గాజులు తొడిగింది. మూడోది తొడగబోతే చిట్లింది.

“ఏం వదినా, ఎట్లనో ఉండావు?” మంజునాథ్ ఆమెను పక్కకు తీసుకెళ్లాడు. షెడ్డులో గూళ్లు నానబెట్టే, చల్లారిన బేసిన్ల మధ్య నిలబడ్డారు ఇద్దరూ.

చెప్పకుండా ఉండగలిగితే బాగుండేది. సునంద తట్టలోంచి ఒక పట్టుగూడు తీసుకుంది.

“ఈ పురుగు కణాల్లో ఒక పాత జన్యువుంది, మంజూ. అది ఉన్నచోటు వదలదు. కానీ తన నకలొకటి ఆర్‌ఎన్‌ఏగా తీసి పంపుతుంది. దానితో ఒక రాతగాడు పోతాడు. వాడొక ఎంజైమ్. ఇంకో చోటు వెతికి, ఆ నకలు చూసి డీఎన్‌ఏలో మళ్లీ మొత్తం రాసేస్తాడు. ఇప్పుడు రెండయినాయా? ఆ రెండోది కూడా ఇదే పని మొదలుపెడుతుంది.”

“మీరు దాన్నే కదా వాడినారు?”

“రెండు ముక్కలు చేసి వాడినాం. రాతగాడు వేరే, వాడు చూసి రాసే ఉత్తరం వేరే. ఉత్తరంలో మంచి రక్తం తయారుచేసే జన్యువు పెట్టినాం. రాతగాడు ఒక్కసారి రాసి, కొన్ని గంటల్లో చచ్చిపోతాడు. ఉత్తరంలో వాడిని తయారుచేసే సూత్రం ఉండదు. అందుకే రెండో నకలు పుట్టే దారి లేదు.”

“లేదు కదా మరి?”

సునంద చేతిలోని గూడు నలిగింది.

“తొమ్మిది పుట్టినాయి.”

మంజునాథ్ బేసిను అంచు పట్టుకున్నాడు. “ఎక్కువైతే ఏమవుతుంది?”

“కణం బతకడానికి కావాల్సిన జన్యువులు కొన్ని వందలుంటాయి. ప్రతి కొత్త నకలూ పోయి వాటిలో ఒకదాని నడుమ కూర్చోవచ్చు. కూర్చుంటే ఆ ఒకటీ పని మానేస్తుంది. తొమ్మిదంటే ఏం కాదు. తొంభై అంటే...” ఆమె ఆగింది. “రక్తం పుట్టడమే ఆగిపోవచ్చు. తల్లి రక్తకణాలు కొన్ని బిడ్డలోకి కూడా దాటుతాయి, మంజూ.”

బయట ఆడవాళ్లు హారతి పాట అందుకున్నారు.

*

తంతు ల్యాబ్‌లో మందు తయారీ అంతా రాజారాం చేతిలో ఉంటుంది. ముట్టుకున్న సీసానల్లా గుడ్డతో తుడిచి పెట్టే మనిషి. ఆయన గదిలో ఇప్పటిదాకా ఒక్క చిన్న పొరపాటు జరిగినట్టు ఎవరూ వినలేదు.

“మూలం పెట్టె కావాలి,” అంది సునంద. “ఇప్పుడు వాడే మందునీ, మొట్టమొదటి దాన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవాలి.”

మూలం పెట్టె అంటే వాళ్లు తయారుచేసిన మొదటి బాక్టీరియా గొట్టాలున్న చిన్న స్టీలు పెట్టె. మందులోని రెండు ముక్కలూ ఆ బాక్టీరియాలోనే పెరుగుతాయి. ప్రతి బ్యాచ్‌కూ ఆ పెట్టెలోంచి కాస్త గీకి కొత్తగా పెంచాలి. రాసిపెట్టుకున్న పద్ధతి అదే.

రాజారాం చేతులకు తొడుగులు వేసుకున్నాడు. తీశాడు. మళ్లీ వేసుకున్నాడు. డీప్ ఫ్రీజర్ తెరిచి పొగలు కక్కే పెట్టెను మంచుపొడి మీద పెట్టాడు.

పెట్టె నాలుగు వైపులా గంధం, కుంకుమ. ప్రతి దసరాకీ ఆయుధ పూజ రోజున దాన్ని ఒక్క నిమిషం బయటికి తీసి బొట్టు పెట్టడం ల్యాబ్ ఆనవాయితీ. మూత, పెట్టె కలిసే అతుకు మీద పెడతారు. నిరుడు సునంద కూడా పెట్టింది.

ఆమె వంగి చూసింది. బొట్టు మీద బొట్టు పడి పెచ్చు కట్టింది. ఆ పెచ్చు అతుకు మీద ఎక్కడా పగల్లేదు. చీలిక కూడా లేదు.

“రాజారాం సార్. ఇది ఎప్పుడు తెరిచినారు?”

ఆయన గుడ్డ తీసి, శుభ్రంగా ఉన్న సీసానే మళ్లీ తుడిచాడు.

“తెరవనే లేదా?”

“మొదటి బ్యాచ్ బాగొచ్చింది కదా మేడం. అందరం కలిసి కొబ్బరికాయ కొట్టినాం కదా. ఇంగ ఆ పెట్టెను మాటిమాటికీ తీసేదెందుకులే అనుకుంటి. ఉండేది అదొక్కటే. తీసినపుడే కరెంటు పోయి కరిగిపోతే? పోయిన బ్యాచ్‌లోదే రవ్వంత పక్కన పెట్టి, కొత్తదాంట్లో...” చేత్తో గిన్నెలో గరిటె తిప్పినట్టు చూపించాడు. “తోడు వేసినట్ల.”

“నాలుగేండ్లూనా?”

“మొదటి బ్యాచ్‌లు ఎలుకల పరీక్షలకే పోయినాయి కదా, ప్రసూనమ్మకు వేసిందీ తోడుదే. ప్రతిసారీ శుభ్రంగానే వేసినా మేడం! ఇంట్లో పెరుగు తోడు పెట్టమా? మా అమ్మ పెరుగు వాళ్ల అత్త నాటిది. ఏమన్నా అయిందా?”

సునందకు అరవాలనిపించింది. కానీ ఆ గదిలోకి ఆమె రోజూ వచ్చేది. ఆయన పాత బ్యాచ్ గొట్టం తీయడం ఎన్నోసార్లు చూసింది. వింతగా అనిపించలేదు. అమ్మ చేతిలో అదే పని చూస్తూ పెరిగిన కళ్లు అవి.

మర్నాడు మధ్యాహ్నానికి అక్షరాలన్నీ తెర మీదికి వచ్చాయి. ఉండేది అదొక్కటే కాబట్టి పెట్టె తెరవలేదు; అది మూసిన నాడు చదివి దాచిన అక్షరాలతో పోల్చారు. వాటిలో రెండు ముక్కలూ దేనికదే ఉన్నాయి. ఇప్పటి మందులో కొన్ని ఉత్తరాల తోకకు రాతగాడి సూత్రం అతుక్కుపోయి ఉంది. తోడు మీద తోడు వేస్తూ పోతే, ఒకే బాక్టీరియాలో ఒకటి పక్కన ఒకటి తరాల తరబడి పెరిగి, ఎప్పుడో ఒకసారి కలిసిపోయాయి. అలాంటివి చాలా కొద్ది. కొద్ది కాబట్టే తనిఖీలో దొరకలేదు. తనను తాను రాసుకోగలిగినదానికి కొద్ది చాలు.

“ప్రసూనమ్మ తర్వాత ఇదే మొదలు. సోమవారం పదకొండు మందికి ఈ సూదే వేయాల,” అన్నాడు రాజారాం. ముఖం నెత్తురు చుక్క లేకుండా ఉంది.

“వేయం. మొత్తం పారబోయండి.”

ఆయనే పారబోశాడు. ఒక్కో సీసా మూత తీసి మందు క్రిమిసంహారక ద్రావణంలోకి వంపుతుంటే కళ్లనీళ్లు ముక్కు మీదికి కారాయి. తుడుచుకోలేదు.

*

రాతగాడిని ఆపే మందు ప్రపంచంలో లేక కాదు. ఆర్‌ఎన్‌ఏ చూసి డీఎన్‌ఏ రాయడమే పనిగా బతికే క్రిమి ఇంకొకటి ఉంది. దాని రాతగాడి చెయ్యి పట్టుకునే మాత్రలు ఎన్నో ఏళ్లుగా వాడకంలో ఉన్నాయి. సునంద వాటిలో ఒకదాన్ని ప్రసూన రక్తకణాల మీద వేసి చూసింది. ఉన్న నకళ్లు పోలేదు. కొత్తవి పుట్టలేదు. గర్భిణులకు కూడా ఇచ్చే మాత్రే. ప్రసూనను చూసే డాక్టరు కూడా సరేనంది.

చిక్కల్లా ఆ మాత్ర పేరుతోనే.

“హెచ్‌ఐవీ మాత్రనా?” మంజునాథ్ గొంతు తగ్గించాడు. ఇంట్లో వేరే ఎవరూ లేకపోయినా తగ్గించాడు. “వదినా, ఆ డబ్బా మా ఇంట్లో ఎవరి కంటన్నా పడితే ఇంగ ఈ వీధిలో తల ఎత్తుకోగలమా? ముందు మా అమ్మ...”

అతను మాట మింగేశాడు.

“నేను వేసుకుంటా,” అంది ప్రసూన. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. “అత్తకు చెప్పొద్దు. అంతే.”

సునంద మాత్రలన్నీ ఒక కాల్షియం డబ్బాలోకి మార్చింది. పాత డబ్బాను తన సంచిలో వేసుకుని బయటపడింది. దొంగతనం చేసినట్టుంది.

ఆ తర్వాత తొమ్మిది తొమ్మిదిగానే నిలిచింది. వారం గడిచింది, రెండు గడిచాయి. సునంద కాస్త కాస్తగా నిద్రపోవడం మొదలుపెట్టింది. ఒక సోమవారం పొద్దున తెర మీద పద్నాలుగు వచ్చింది.

మాత్ర పనిచేయడం మానేసిందా? రాతగాడు దాన్ని తప్పించుకోవడం నేర్చుకున్నాడా? అదే నిజమైతే ఇక చేతిలో ఏమీ లేదు. సునంద స్కూటీ తీసింది. హిందూపురం వీధుల్లో ఎప్పుడూ లేనంత జోరుగా నడిపింది.

ఇంట్లో మంజునాథ్ లేడు. ప్రసూన వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చిన కళ్లు. నట్టింట్లో కుర్చీ మీద నాగరత్నమ్మ. ఆమె చేతిలో కాల్షియం డబ్బా.

“కూచో డాక్టరమ్మా.”

సునంద కూర్చోలేదు.

“ఇది కాల్షియం కాదు.” నాగరత్నమ్మ అరచేతిలో ఒక మాత్ర ఉంది. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, మాట పక్కగదికి కూడా వినిపించదు. “ఈ మాత్ర నాకు తెల్సు. నా కోడలికి ఆ జబ్బుందా? నా కొడుక్కుందా?”

“లేదత్తా. ఇద్దరికీ లేదు. ఒట్టు.”

“మరి?”

సునంద చెప్పింది. మూలం పెట్టె గురించి, తోడు గురించి, ఆగకుండా తనను తాను రాసుకుంటున్న దాని గురించి, లోపలున్న బిడ్డ గురించి. తడబడుతూ, వెనక్కీ ముందుకీ పోతూ చెప్పింది. నాగరత్నమ్మ మాత్రను డబ్బాలో వేసి మూత పెట్టింది.

“అంటే తప్పు మీది.”

“మాదే అత్తా.”

“మీదైతే ఈ పిల్ల దాపెట్టుకునేది ఎందుకు? పోయిన వారం మా ఆడబిడ్డ వాళ్లొచ్చి నాలుగు దినాలుండిరి. ఈమె ఈ డబ్బా పట్టుకోని బాత్రూమ్‌కీ పెరట్లోకీ తిరుగుతానే ఉండె. ఎవరో ఒకరు ఎదురొస్తానే ఉండిరి. నేను చూసినా. ఒక్క దినం కూడా వేసుకోలా.”

వరండాలోంచి ప్రసూన వెక్కిళ్లు వినిపించాయి.

మాత్ర ఓడిపోలేదు. మింగలేదు, అంతే. సునంద అప్పుడు కూర్చుంది.

“మా పెద్దోడు శివశంకర లారీ తోలేవాడు,” అంది నాగరత్నమ్మ. “కామెర్లతో పోయినాడని ఊరంతా అనుకుంటారు. మేమూ అదే చెప్తిమి. వాడు పోయినాక లారీ సీటు కింద ఈ మాత్రలు దొరికినాయి. కట్టలు కట్టలు, నిండుగా. క్లీనరు చూస్తాడని ఒకనాడు, డాబాలో ఎవురో చూస్తారని ఇంకోనాడు. చూస్తే ఏమయ్యేదమ్మా? ఇప్పుడు చూసేకి వాడు యాడుండాడు?”

ఆమె లేచింది. కాల్షియం డబ్బాను నట్టింట్లో టీవీ పక్కన, పెళ్లిఫొటో ముందు పెట్టింది. వచ్చినవాళ్లకు మొదట కనబడేది అదే చోటు.

“ఇది ఈడనే ఉంటుంది. పొద్దున టిఫిన్ తింటానే వేసుకోవాల. నా ముందర.”

“అత్తా, ఎవరన్నా అడిగితే?” ప్రసూన గుమ్మంలోకి వచ్చింది.

“నా కోడలి మాత్ర అంటా. ఇంగా అడిగితే వాళ్ల ఇంట్లో ఏమేం మాత్రలుండాయో నేను అడుగుతా. ఈ వీధిలో ఎవరింట్లో ఏముందో నాకు తెలీదనుకున్నావేమే?”

*

పద్నాలుగు, పద్నాలుగుగానే ఉండిపోయింది.

ప్రసూనకు అనుకున్నదానికంటే ముందే నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. అరిచిన అరుపుకు నర్సింగ్‌హోమ్ వరండాలో వాళ్లంతా తలలు తిప్పారు. మంజునాథ్ గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. బొడ్డుతాడులోంచి తీసిన రక్తాన్ని రాజారాం స్వయంగా ల్యాబ్‌కు పట్టుకెళ్లాడు.

ఫోన్ వచ్చేసరికి సునంద పాపను ఎత్తుకుని ఉంది.

“మేడం...” అని ఆయన ఆగాడు. “ఉంది మేడం. రవ్వంతే. కానీ ఉంది.”

పాప ఆమె చూపుడు వేలు పట్టుకుంది. గట్టి పట్టు.

ఆలోచించు, అనుకుంది సునంద. భయపడకు, ఆలోచించు. బొడ్డుతాడు రక్తంలో తల్లి రక్తం కలిసిపోవచ్చు. ప్రసవంలో అది మామూలే. కలిసిందా, లేక నిజంగానే బిడ్డలో ఉందా? తేల్చడానికి బిడ్డ ఒంట్లోంచే తీయాలి. మడమ మీద సూది.

“ఇంగా కండ్లు కూడా తెరవలేదు, అప్పుడే సూదా!” అన్నాడు మంజునాథ్.

“పొడవనీరా,” అంది నాగరత్నమ్మ. “తెలిస్తేనే కదా మందు.”

పాప మళ్లీ అరిచింది. ఎర్రటి బొట్టు ఒకటి చిన్న గొట్టంలోకి జారింది. ల్యాబ్ నుంచి తిరిగొచ్చి నర్సింగ్‌హోమ్ మెట్ల కింద నిలబడ్డ రాజారాం ఆ గొట్టాన్ని చొక్కా లోపల, గుండెల దగ్గర పెట్టుకుని స్కూటర్ ఎక్కాడు.

ఇక ఎదురుచూడటమే. వరండాలో ఎవరో ఇడ్లీ పొట్లాలు విప్పారు. సునంద ముట్టుకోలేదు. గదిలో ప్రసూన తెలివి వచ్చీ రాకా పాప వైపే చూస్తోంది. ఉన్నట్టుండి సునందకు ఒక విషయం గుర్తొచ్చింది.

“ప్రసూనా, నొప్పులొచ్చిన దినం మాత్ర వేసుకున్నావా?”

“వేసుకోకుండా ఎట్ల?” నాగరత్నమ్మ అందుకుంది. “లేబర్ రూములోకి నన్ను రానియ్యనంటే ఆ నర్సమ్మతో వాకిట్లోనే కొట్లాడినా. ఆఖరికి ఆమే నన్ను లోపలికి రానిచ్చి మింగించింది. నోరు తెరిపించి చూసినాకనే ఇవతలికి వచ్చినా.”

“నోరు కూడా చూసింది అక్కా,” అంది ప్రసూన నీరసంగా. “నొప్పుల్లో ఉన్నానని కూడా చూడలేదు.”

ఆ రోజుల్లో వాళ్లు నవ్విన మొదటి నవ్వు అది. సగంలో ఆగిపోయింది. సునంద ఫోన్ మోగుతోంది.

తెర మీద రాజారాం పేరు. ఎత్తడానికి ఆమె వేలు రాలేదు. మంజునాథే ఎత్తి స్పీకర్‌లో పెట్టాడు.

“మేడం, సున్నా.” ఆయన ఊపిరి ఆయాసంగా వినిపిస్తోంది. “సున్నా మేడం. యంత్రం సరిగ్గా ఉందో లేదో అని మూలం పెట్టె తెరిచి, అందులోది పక్కన పెట్టి మళ్లీ చూసినా. అది చూపించింది, పాపది మాత్రం సున్నానే. తాడులో ఉండేది తల్లి రక్తమే.”

“పెట్టె తెరిచినారా?”

“తెరిచినా మేడం. బొట్టు మొత్తం రాలిపోయింది.”

మంజునాథ్ నేల మీద కూలబడి పాప పాదాన్ని నుదుటికి ఆనించుకున్నాడు. మడమ మీద చిన్న దూది ముక్క. సునంద గోడకు వాలి కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి ప్రసూన ఆమెనే చూస్తోంది.

“పాపకు ఏం లేదు కదా అక్కా?”

“ఏం లేదు. కొన్నాళ్లు మళ్లీ మళ్లీ చూస్తా. కానీ లేదు.”

“మరి నాకు?”

పద్నాలుగు. తుడిచేసే మందు సునంద దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. తయారుచేయాలి. దానికి ఎన్నేళ్లు పడుతుందో, అసలు అవుతుందో లేదో చెప్పగలిగే మనిషి కూడా లేడు. అంతదాకా ఆ చెల్లెలి ఒంట్లో ప్రతి రక్తకణం లోపలా ఒక చెయ్యి కలం పట్టుకుని, మాత్ర తప్పే రోజు కోసం కాచుకుని ఉంటుంది.

“ఇట్ల ఎన్నాళ్లు వేసుకోవాలక్కా?”

సునంద నోరు తెరిచింది. అబద్ధం ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

ప్రసూన ఇడ్లీ తిన్న ఆకు తీసి పక్కన పెట్టి, నాగరత్నమ్మ స్టీలు గ్లాసులో నీళ్లు వంచింది. కొంగు ముడి విప్పి మాత్ర తీసి కోడలి అరచేతిలో పెట్టింది.

“టిఫిన్ అయింది కదా,” అంది. “మింగు.”

ప్రసూన మింగింది.

“ఏదీ, నోరు తెరువు.”